అనుమానం మాస్టారూ, సగం కరెంటూ

మా ప్రొఫెసరు గారికి లోకంలో నమ్మదగిన వస్తువంటూ లేదు. పొద్దున్నే ల్యాబుకు వచ్చి గోడ గడియారం చూస్తారు, చేతి గడియారం చూస్తారు, ఆ తర్వాత నా ముఖం చూస్తారు. "టైమెంతయ్యా?" చెబితే, "నీకెవరు చెప్పారు?" అంటారు. ఆయన వెనకాల అందరం అనుమానం మాస్టారనే అనేవాళ్ళం.

నేనక్కడ శీతల యంత్రం చూసుకునేవాణ్ణి. అందులో వెంట్రుక కన్నా ఎంతో సన్నని తీగ ఉండేది. దాన్ని విపరీతంగా చల్లబరిస్తే, తలో దిక్కు చూసే పరమాణు కేంద్రకాల బుల్లి అయస్కాంతాలు తీగలోని ఎలక్ట్రాన్ల మాట విని ఒక వరసలోకి వస్తాయనీ, అప్పుడు కరెంటు సగానికి పడిపోతుందనీ సిద్ధాంతం. ఆ సగం కోసం మా రీసెర్చి అమ్మాయి ఏళ్ళ తరబడి పడిగాపులు కాసింది.

ఒక మధ్యాహ్నం కరెంటు నిజంగానే పడిపోయింది. "సార్! సగం!" అని అమ్మాయి కేకేసింది.

మాస్టారు నవ్వలేదు. "థర్మామీటరు అబద్ధమాడుతోందేమో." మార్చాం. "లిఫ్టు అదురు వల్లేమో." ఆపించారు. డీన్ గారు మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూ తిట్టి వెళ్ళారు. "ఆ ఆయాసం నిజమేనంటావా?" అని మాస్టారు నన్నడిగారు.

చివరికి తీగ అతుకు మీద పడ్డారు. "అతుకు సగం ఊడినా కరెంటు సగమే వస్తుంది. వేడెక్కించండి. కేంద్రకాల పనే అయితే వరస చెదిరి, కరెంటంతా తిరిగొస్తుంది."

అమ్మాయి ముఖం పాలిపోయింది. "రాకపోతే నా పీహెచ్‌డీ గతేంటి సార్?"

"రాకపోతే అది అతుకేనమ్మా."

"రాక్షసుడు," అని గొణిగాను.

"వినపడింది," అన్నారాయన. "సరిగ్గా విన్నానో లేదో."

వేడెక్కించాం. కరెంటంతా తిరిగొచ్చింది. చల్లబరిచాం, మళ్ళీ సగం. మాస్టారు "ఊఁ" అన్నారు. అంతకుమించిన పొగడ్త ఆయన నోట మేమెప్పుడూ వినలేదు.

వైవా రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కత్తులు నూరుకునే వచ్చాడు. థర్మామీటరు సంగతేమిటన్నాడు. లిఫ్టు సంగతేమిటన్నాడు. అతుకో? అమ్మాయి తడుముకోకుండా చెప్పేసింది. ఆ ప్రశ్నలన్నీ ఆమెకు పాత చుట్టాలు. ఇక అడగడానికేమీ మిగలక, పరీక్షకుడు కళ్ళజోడు తీశాడు. "మరీ ఇంత చక్కటి ఫలితమా? అమ్మాయి అంకెలు సర్దలేదని నమ్మకమేమిటి?"

మాస్టారు లేచారు.

"ల్యాబులో అన్నిటినీ అనుమానించానండీ. ఈ అమ్మాయిని తప్ప."

"ఎందుకని?"

"నన్ను భరించడం కన్నా, ఏదో ఒక అబద్ధం చెప్పి బయటపడటం తేలిక. ఈ అమ్మాయి ఇన్నేళ్ళు భరించింది."

గదంతా ఘొల్లుమంది. పరీక్షకుడికీ నవ్వాగలేదు. కాగితం మీద సంతకం చేసి, "అభినందనలు, డాక్టరమ్మా!" అని చెయ్యి చాపాడు. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ మాస్టారి వైపు చూసింది.

ఆయన నా చెవి దగ్గరకు వంగారు.

"నిజంగా సంతకమే పెట్టాడంటావా? ఓసారి వెళ్ళి చూసిరావయ్యా."