లోగో తుడిచే పెద్దమనిషి

మా బెళ్ళందూరు ఆఫీసులో సమాజసేవ విభాగానికి ఆయనే పెద్ద. మేం నీళ్ళు శుద్ధిచేసే మిషన్లు అమ్ముతాం. "సేవని బిజినెస్ స్ట్రాటజీతో ఇంటిగ్రేట్ చెయ్యాలి బాస్" అంటూ, ఏ మిషన్ కనబడినా జేబురుమాలుతో దాని మీది లోగో తుడిచేవారు. అంతకుమించిన ఇంటిగ్రేషన్ నేనెక్కడా చూడలేదు.

ఆనేకల్ దగ్గర ఒక బడికి మిషన్ దానమిచ్చిన రోజు కూడా శ్రద్ధగా తుడిచారు. బడి వంటామె వచ్చి, "మిషన్ బాగానే ఉండాదప్పా, కొళాయిలో నీళ్ళే రావు" అంది.

"అది ఫేజ్ టూ అమ్మా" అన్నారు తొణక్కుండా. ఫోటో కోసం తన సీసాలోంచి కాసిని నీళ్ళు మిషన్లో పోశారు. ఒక పాప గ్లాసు పట్టుకుని నవ్వింది.

ఫోటో అవగానే, లోగో మీద చిందిన ఒక్క చుక్కనీ తుడిచేసి, మిగిలిన సగం సీసాకి మూత బిగించి కారెక్కారు.