గోడ కాని దడి

పర్సుడీహ్‌ పేటలో మా ఇంటి వెనక పెరట్లో మా అత్తగారు పొద్దున్నే మంచం వేయించుకుని ఎండలో కూర్చునేది. ఆవిడకు మతి తప్పే జబ్బు. నేనెవరో తెలియదు, వంటగది ఎటో తెలియదు, ఎండ ఒక్కటీ తెలుసు. ఉక్కపోస్తే చీర విప్పి పక్కన పడేసి, లంగా జాకెట్టుతో కూర్చుని తనలో తనే మాట్లాడుకునేది. ముసలావిడ, తన పెరడు, తన ఇష్టం. ఎవడికి నష్టం?

పక్కవాళ్లు మేడ మీద మేడ వేసి మా పెరటి వైపు కిటికీ పెట్టేదాకా ఎవరికీ నష్టం లేదు. ఒకనాడు మా వీధి వాట్సాప్ గ్రూపులో ఆవిడ వీడియో కనబడింది. దాని కింద వరసగా నవ్వే బొమ్మలు. నాకు ఒళ్లు మండిపోయింది. మెట్లెక్కి వెళ్లి తలుపు బాదాను. ఆ ఇల్లాలు ఎంతో మర్యాదగా, హిందీలో, "పిల్లలు సరదాకి తీశారు భాభీ, అయినా ఆవిడని మీరు లోపల ఉంచుకోవాలి కదా," అంది. ఆ వీడియో తీసేసేదాకా నేను గుమ్మం కదల్లేదు.

సాయంత్రానికి ఊళ్లోనే అవతలి పేట బర్మామైన్స్ నుంచి మా మరిది దిగాడు.

"ఒదినా, అమ్మని గదిలో ఎట్టి గడియెట్టెయ్. పరువు పోతంది," అన్నాడు.

"మీ యమ్మేటి దొంగతనం సేసిందా, గడియెట్టడానికి?"

"మరేటి సేత్తావు?"

"ఆలు సూడకండా సేత్తాను. ఈవిడ మాత్రం బయటే కూకుంటాది."

అన్నాను గానీ, ఎలాగో నాకూ తెలియదు. మా ఆయన ఇనప రేకులు తెచ్చి సరిహద్దు పొడుగునా నిలబెట్టాడు. తెల్లారి అత్తగారు వాటిని చూసి బెదిరిపోయింది. "తలుపు తియ్యండి, నన్నెందుకు మూసేసినారు," అంటూ అరిచేతులు కమిలిపోయేలా రేకుల మీద కొట్టింది. ఆ పూటే రేకులు పీకించేశాను.  అప్పుడు తెలిసింది నాకు, అడ్డు ఉండాలి గానీ అది అడ్డని ఆవిడకు అనిపించకూడదు. మొక్కలు తప్ప వేరే దారి లేదు.

వెదురుకర్రకు ఎర్రగుడ్డ కట్టి మా ఆయన చేతికిచ్చి సరిహద్దు వెంట నడవమన్నాను. నేను మంచం మీద ఆవిడ కూర్చునే చోట కూర్చున్నాను. ఎర్రగుడ్డ కిటికీకి అడ్డం వచ్చిన చోటల్లా ముగ్గుతో గుర్తు పెట్టించాను. చూస్తే, అంతా కలిపి ఒక మూల. పొడుగంతా మూసెయ్యక్కర్లేదు. ఆ మూల ఎత్తుగా, ఒత్తుగా పెంచి, మిగతా చోట పొట్టిగా పల్చగా వదిలేస్తే గాలి ఆడుతుంది, గోడ అనిపించదు.

మా ఆయనేమో కార్ఖానా అలవాటు పోనిచ్చుకోక, దారం లాగి కట్టి తిన్నగా గుంటలు తియ్యబోయాడు. "అడివిలో సెట్లకి దారమెవురు కట్టినారు?" అని దారం తెంపేశాను. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, ఒకచోట గుంపు, ఒకచోట ఖాళీ. సాక్చి బజార్లో మొక్కలమ్మేవాడు గన్నేరు పెట్టమన్నాడు. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, మేకలు ముట్టవు అన్నాడు. మేకలు ముట్టనిది మా ఇంట్లో ఎలా పెడతాను? అత్తగారు చేతికందిన ఆకల్లా నోట్లో వేసుకుంటుంది. విషం ఉన్నదేదీ వద్దన్నాను. ఆకు రాల్చి మోడయ్యేవీ వద్దన్నాను. వెనక జామ, కరివేప, వాటి ముందు మందారం, గోరింట కలిపి పెట్టాం.

మొక్కలకు మన తొందర పట్టదు. అవి ఎదిగేదాకా నేనే అడ్డు. కిటికీకీ ఆవిడకీ మధ్య కత్తిపీట వేసుకుని, కిటికీ వైపే తిరిగి కూరలు తరిగాను. ఎవరైనా తొంగి చూస్తే చెయ్యి ఆపి, రెప్ప వెయ్యకుండా చూసేదాన్ని. కిటికీ మూసుకునేది. నాకు అందులో చెడ్డ సంతోషం ఉండేది, దాచుకోవడమెందుకు.

వానలు పోయి, మళ్లీ వానలు వచ్చాక ఆ కిటికీ మాకు కనబడటం మానేసింది. వెంటనే ఫిర్యాదులు మొదలయ్యాయి. పాములొస్తాయట. వాళ్ల గోడ చెమ్మెక్కుతుందట. వీధి పెద్దలు ఇద్దరు వచ్చి, ఇదంతా తుప్పలా ఉంది, కొట్టించెయ్యమ్మా అన్నారు. మీ వైపు వాలిన కొమ్మ నరుక్కోండి, నా నేలలో ఉన్నదాని జోలికి రాకండి అని చెప్పి పంపించాను.

ఒక పొద్దున వంటింట్లో ఉండగా నరుకుడు చప్పుడు వినిపించింది. పరుగెత్తాను. ఆ పక్కింటివాళ్లు కూలికి పిలిచినవాడు మా పెరట్లోకే వచ్చి నిలబడ్డాడు. ఒక జామకొమ్మ అప్పటికే కింద పడి ఉంది. నేను నోరు తెరిచేలోపు అత్తగారు మంచం దిగి వెళ్లి, చెట్లకు అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడింది.

"సెయ్యెయ్యకు. మా కోడలు యేసుకుంది. దాన్నడక్కండా ఒక్కాకు తెంపినా ఊరుకోను."

వాడికి తెలుగు ముక్క రాదు. ముసలమ్మ ఏమంటోందని హిందీలో నన్నడిగాడు.

"ఈ చెట్లు ఆవిడ కోడలివట. బయటికి నడు," అన్నాను.

కత్తి దించి వెళ్లిపోయాడు. ఆవిడని పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి చీర భుజాల చుట్టూ కప్పాను. నా మణికట్టు గట్టిగా పట్టుకుని, ముఖంలోకి పరాయిదాన్ని చూసినట్టు చూసింది.

"సూసినావు కదా. నువ్వే సాచ్చిం. మా కోడలొత్తే సెప్పమ్మా, నాను నరకనీనేదని."

"సెప్తానమ్మా," అన్నాను.