పది రూపాయల చెల్లు

మా ఎరువుల అంగడి మూతపడే నాటికి నా పేరున పదకొండు ప్రామిసరీ నోట్లు ఉన్నాయి. అసలు మొత్తం పదిహేను లక్షలు. అవి మా ఆయన చేసిన అప్పులు కావు. ఆయన పోయాక రెండేళ్లు వరుసగా వానలు లేవు. ఎరువు అరువుకు తీసుకుపోయిన రైతుల దగ్గర నుంచి పైసా రాలేదు. కంపెనీకి కట్టడానికి నేనే తెచ్చాను. సంతకాలన్నీ నావే కాబట్టి ఎవరి మీదా నెపం వేసే వీలు లేదు.

నందికొట్కూరులో ఇలా చితికిపోయినవాళ్లు తాళం వేసి హైదరాబాదు బస్సెక్కుతారు, లేదంటే దివాలా తీశామని కోర్టులో ఐపీ పెడతారు. నాకు రెండూ వద్దనిపించింది. అంగడి గదికి తొమ్మిది లక్షలిస్తానని ఒకాయన వచ్చాడు. అంటే అప్పులో రూపాయికి అరవై పైసలు అప్పటికప్పుడు ఇవ్వచ్చు. మిగిలిన ఆరు లక్షలు నెలకు పదివేల చొప్పున ఐదేళ్లు. ఇంటి ముందు భాగానికి అద్దె ఆరువేలు, వేరే రెండు అంగళ్లకు లెక్కలు రాస్తే నాలుగువేలు వస్తాయి. అప్పులవాళ్లు వడ్డీ వదులుకోవాలి. నాకప్పుడు డెబ్బై ఒకటి. ఇంకో ఐదేళ్లు బతకాలని ఆ రోజే తీర్మానించుకున్నాను.

ప్లీడరు దీన్ని లోక్ అదాలత్‌లో పెడదామన్నాడు. పదకొండు మందీ ఒకే రోజు సంతకం పెడితే అది కోర్టు తీర్పుతో సమానమట. ఒక్కరు కాదని విడిగా దావా వేసి అంగడిని జప్తు చేయించినా కొనేవాడు వెనక్కి పోతాడు, మిగతావాళ్లకు చిల్లిగవ్వ దక్కదు. అదాలత్ సెప్టెంబరు రెండో శనివారం. మేం అర్జీ పెట్టింది మే నెలలో. ఆ నాలుగు నెలలూ అందరినీ ఒక్క మాట మీద నిలబెట్టడమే నా పని.

మొదటి వారంలోనే తప్పు చేశాను. ఓర్వకల్లు దగ్గర భూములమ్మి ఆ డబ్బు వడ్డీలకు తిప్పే ఒకాయన ఉన్నాడు, నా నోట్లన్నిట్లో పెద్దది ఆయనదే, నాలుగు లక్షలు. పొద్దున ఏడింటికే వచ్చి మా అరుగు మీద చతికిలబడ్డాడు.

"ఏమ్మా, మా దుడ్లు తిని కాఫీలు తాగుతాండారా? నా లెక్క తేల్చేదాకా ఈడనుంచి లెయ్యను."

పక్కిళ్ల వాళ్లు గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. సిగ్గుతో నాకు చెవులు వేడెక్కాయి. లోపలికి పోయి, ఇంటి ఖర్చుకని దాచిన ఇరవై వేలు తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన వెంటనే జేబులోంచి నోటు తీసి, వెనక చెల్లు రాయమన్నాడు.

చెల్లు అంటే మా వైపు అందరికీ తెలుసు. కొంత డబ్బు కట్టి, ఇంత ముట్టిందని నోటు వెనక రాసి, అప్పు తీసుకున్నవాళ్లు తేదీతో సంతకం పెట్టాలి. నోటు రాసిన రోజు నుంచి మూడేళ్ల లోపు చెల్లు పడితే దానికి మళ్లీ మూడేళ్ల ఆయుష్షు. పడకపోతే అది చిత్తుకాగితం, కోర్టులో చెల్లదు. నేను రాసిచ్చాను. ఆయన చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

మరుసటి రోజు ఆరుగురు వచ్చారు. "ఆయప్పకిచ్చినావంట, మేమేం పాపం చేసినాం?" అన్నారు. వాళ్లడిగినదాంట్లో తప్పు లేదు. ఆ రోజు నుంచి కట్టడి పెట్టుకున్నాను. పది నుంచి పన్నెండు దాకా అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఎవరొచ్చినా మజ్జిగ ఇచ్చి, వాళ్ల అసలెంత, వాటా ఎంత, అదాలత్‌కు ఇంకా ఎన్ని రోజులు అన్నది చదివి వినిపించేదాన్ని. తిట్టినా అదే చదివేదాన్ని. విడిగా మాత్రం ఎవరికీ రూపాయి ఇచ్చేది లేదు.

జులై మొదటి వారంలో ప్లీడరుకు ఇవ్వడానికి నోట్ల తేదీలు వరుసగా రాస్తుంటే ఒక దగ్గర కలం ఆగింది. మూడో సందులో చీరలకు ఫాల్స్ కుట్టే ఆమె నోటు, అరవై వేలు. మూడేళ్లు జులై పద్దెనిమిదితో నిండుతున్నాయి. మిగతావన్నీ మరుసటి ఏడాదో ఆ తర్వాతో నిండేవి. ఆమె ఒక్కరోజూ డబ్బు మాట ఎత్తలేదు. వచ్చినప్పుడల్లా, "మోకాలు ఎట్లుండాది పెద్దమ్మా?" అని అడిగి, మజ్జిగ తాగి పోయేది.

కర్నూలు పోయి ప్లీడరుకు చెప్తే నవ్వాడు. "మంచిదే కదమ్మా. పద్దెనిమిది దాటనీయండి. పట్టీలోంచి ఆమె పేరు తీసేద్దాం, అరవై వేలు తగ్గుతుంది. ఆమెకు తెలీదు, మీరు చెప్పొద్దు."

"అరిచినోడికి మూడేళ్లు రాసిచ్చి, అరవనిదాని నోటు చంపమంటావా?"

"అయితే చెల్లు వేయండి. ఆమెకిచ్చినారని తెలిస్తే తక్కిన పదిమందీ మీ అరుగు మీదుంటారు."

అదీ నిజమే. కర్నూలు నుంచి వచ్చే బస్సులో దారంతా ఆలోచించాను. ఇల్లు చేరేసరికి తేలింది. పదకొండు మందికీ ఫోన్ చేసి, జులై పద్నాలుగు ఉదయం పదింటికి నోట్లతో సహా రమ్మన్నాను.

అందరూ వచ్చారు. బ్యాంకులో తెచ్చిన కొత్త పది రూపాయల నోట్లు పళ్లెంలో పెట్టి, మూడేళ్ల సంగతి దాచకుండా చెప్పాను. "ఈ పొద్దు తలా పది రూపాయలు చెల్లు వేస్తా. ఒకే తేదీ, ఒకే మొత్తం. ఎవరి నోటూ చావదు, ఎవరికీ ఎక్కువ పోదు."

ఫాల్స్ కుట్టే ఆమె తన నోటు తిప్పి తేదీ చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది.

ఓర్వకల్లు ఆయన నవ్వాడు. "లక్షలడిగితే టీ ఖర్చులిస్తాండావా అమ్మా? సరే, నా పది ఏదీ?"

"నీకు లేదప్పా. నీకు ఇరవై వేలు వేసినా కదా."

అందరూ ఆయన వైపు తిరిగారు. "అది వడ్డీ కింద పోయింది" అన్నాడు.

"నోటు వెనక ఏముందో చదువు."

కళ్లజోడు కోసం జేబులు తడుముకున్నాడు. దొరకలేదు. పక్కాయన కాగితం అందుకుని గట్టిగా చదివాడు: "అసలు కింద ఇరవై వేలు ముట్టినది." ఆ రోజు చెవులు వేడెక్కినా చేయి మాత్రం లెక్క తప్పలేదు.

"నీ వాటాలో ఆ ఇరవై వేలు పట్టుకుంటా" అన్నాను.

"అట్లయితే నేను దావా వేస్తా!"

"వెయ్యి. వేస్తే వీళ్లందరికీ రాకుండా పోయేది నీ వల్లనే. వాళ్లకు నువ్వే చెప్పుకో."

ఆయన విసురుగా వెళ్లిపోయాడు. నేను తక్కిన పది నోట్ల మీదా రాసి సంతకం పెట్టాను. ఖర్చు వంద రూపాయలు.

అదాలత్ రోజు పదకొండింటికల్లా పదిమంది సంతకాలు పడ్డాయి. కొనే ఆయన గడియారం చూసుకుంటున్నాడు. పన్నెండు దాటాక ఓర్వకల్లు ఆయన వచ్చాడు. దావా వేయలేదు, కానీ కలం కూడా ముట్టలేదు. చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఎవరూ బతిమాలలేదు. నేనూ బతిమాలలేదు. చివరికి ఫాల్స్ కుట్టే ఆమె బెంచీ మీద నుంచి లేచింది.

"ఏమప్పా, పెడతావా పెట్టవా? నాకు ఇంటికాడ పన్నెండు చీరలుండాయి. నీవు అరుస్తావని ఆయమ్మ నీకు ముందే ఇచ్చె, మేం అరవలేదని మా నోళ్లలో మన్ను గొడతావా?"

గదిలో ఉన్నవాళ్లంతా అటు చూశారు. ఆయన మెల్లగా వచ్చి, ఆమె వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టాడు.

అంగడి రిజిస్ట్రేషనయిన మరుసటి సోమవారం మా అరుగు మీదే వాటాలు పంచాను. ఓర్వకల్లు ఆయనకు రెండు లక్షల ఇరవై వేలు. ఫాల్స్ కుట్టే ఆమె కవరు విప్పి ఒకసారి ఎంచింది, మళ్లీ ఎంచింది.

"ముప్పై ఆరు వేలు గదా పెద్దమ్మా? పది తక్కువుండాది."

"జులై పద్నాలుగున తీసుకోలే?"

"ఆ పది కూడా పట్టుకున్నావా!" అని నవ్వుతూ కవరు నడుముకు దోపుకుంది. అక్టోబరు ఒకటి నుంచి మొదలైన నెలకు పదివేల కంతులు ఇప్పటికి పంతొమ్మిది కట్టాను. నలభై ఒకటి ఉన్నాయి.