నీళ్లు తాగేదాకా పూచీ

నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక సందులో షాకీర్ సీటు కవర్లు కుట్టే దుకాణం ఉండేది. దాని పక్కనే రామన్న బ్యాటరీల దుకాణం. రెండింటికీ కలిపి ఒకటే బెంచీ. ఊళ్లు పట్టుకు తిరిగే నాలాంటివాడికి బస్సు తప్పిపోతే కూర్చోవడానికి అంతకన్నా మంచి చోటు ఆ పట్టణంలో లేదు. అందుకే కాబోలు నాకు బస్సు తరచుగా తప్పిపోయేది.

ఆ బెంచీ మీద ఏళ్ల తరబడి ఒకటే తగాదా నడిచింది. జపాను కార్లలో జోరైనది ఏది, కొంటే ఏది కొనాలి? షాకీర్‌ది లాన్సర్ పక్షం. రామన్నది హోండా సిటీ పక్షం, అందులోనూ వీటెక్ ఇంజనుది. షాకీర్ నడిపేది ఒక పాత లూనా. రామన్నకు సైకిలు.

“హోండా ఇంజన్ తొక్కేకొద్ది పాట పాడుతదయ్యా. నీ లాన్సర్ ఏమున్నది? పెండ్లిపీటల మీదికెంచి లేశే పెండ్లికొడుకు లెక్క, మెల్లగ లేస్తది,” అనేవాడు రామన్న.

“మెల్లగ లేస్తెనేంది? లేశినంక ఆపేటోడెవడు? రోడ్డును కర్సుకోని పోతది. నీ హోండాల కూసుంటే మోకాళ్లు గదుమకు తాకుతయి.”

“నువ్వెప్పుడు కూసున్నవ్?”

“నువ్వెప్పుడు నడిపినవ్?”

ఇక్కడికి వచ్చాక ఇద్దరూ చాయ్ చెప్పేవారు. గుర్రం మెడ మీద సుడి ఎటు తిరిగితే యజమానికి ఏ ఫలమో పుటలకు పుటలు రాసిన పాత పుస్తకాలు కొన్ని నేను చదివాను. వాటిని రాసినవాళ్లలో ఎంతమందికి సొంత గుర్రం ఉండేదో ఎక్కడా కనిపించలేదు. బెంచీ మీద కూర్చున్నప్పుడల్లా ఆ సంగతి గుర్తుకొచ్చేది.

షాకీర్‌కు లాన్సర్ మీద మనసు పడడానికి కారణం ఇంజను కాదు, సీటు. కాల్వ పనులకు వచ్చిన ఒక ఇంజనీరు తన లాన్సర్‌ను కవర్ల కోసం ఆ సందులో వదిలి వెళ్లాడు. కొలతలకని షాకీర్ అన్ని సీట్లలోనూ కూర్చుని చూశాడు. వీపును ఎవరో చేత్తో పట్టుకున్నట్టుందని చెప్పాడు. బండి అక్కడి నుంచి అంగుళం కదలలేదు. షాకీర్ మాత్రం కదిలిపోయాడు. లాన్సర్‌తో అతనికున్న పరిచయమంతా అదే. నిలబెట్టిన బండిలో కూర్చోవడమే తప్ప, నడుస్తున్న లాన్సర్ ఎక్కి ఎరగడు.

ఇది తెలియని మనిషి ఒకడు వచ్చి ఆ బెంచీ మీద కూర్చున్నాడు. పేరు మల్లేశ్. తిమ్మాజిపేట అవతల ఒక పల్లె. జేసీబీ కొని కాల్వ పనుల్లో తిప్పుతున్నాడు. షాకీర్ తండ్రి దర్జీ. పండగలప్పుడు కుట్టుమిషను మోసుకుని ఆ పల్లెకు పోయి, మల్లేశ్ వాళ్ల అరుగు మీద కూర్చుని ఊరందరికీ బట్టలు కుట్టేవాడు. తండ్రి వెంట వెళ్లిన షాకీర్ ఆ ఇంటి జొన్నరొట్టె తిని పెరిగాడు. మల్లేశ్ తల్లి జంగమ్మను ‘అమ్మా’ అనే పిలుస్తాడు. ఇప్పటికీ రంజాన్‌కు సేమ్యా మొదట పోయేది ఆ ఇంటికే.

“అన్నా, హైదరాబాద్ల పాతయి రెండు బండ్లు చూశిన. ఒకటి హోండా, ఒకటి లాన్సర్. రెండూ మంచిగనే అవుపడుతున్నయి. ఏది తీసుకోవాలె?” అన్నాడు మల్లేశ్.

ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. చాయ్ చల్లారేదాకా విని మల్లేశ్ లేచాడు. “షాకీరన్న లాన్సర్ అంటే లాన్సరే. అన్న జబాన్ మీద కొంటున్న,” అన్నాడు.

అంత సేపూ గెలవాలని కొట్లాడిన షాకీర్ గెలవగానే మొహం మాడ్చుకున్నాడు. “జర ఆలోచన జెయ్యి మల్లేశ్. హోండా గూడ ఖరాబేం గాదు,” అన్నాడు. రామన్న బెంచీ మీద పడి పడి నవ్వాడు.

వారం తిరక్కుండానే జంగమ్మ కబురు పెట్టింది. షాకీర్ పోయాడు. జంగమ్మ వాకిట్లో కందులు చెరుగుతూ, చేటలోంచి తల ఎత్తకుండానే అడిగింది.

“పాత బండంట గదా. పండ్లు చూశినవా?”

“అమ్మా, కారుకు పండ్లుండయి.”

“మరి వయసెట్ల తెలుస్తది? సుడులన్న చూశినవా? ఇగో బిడ్డా, ఎద్దును ఇప్పిచ్చినోడు దొడ్డిదాంక తోలుకరావాలె. అది మా నీళ్లు తాగేదాంక పూచీ వానిదే. మా నాయిన అంగడిల గట్లనే జేశిండు. ఒకపారి మా మేనమామ ఇప్పిచ్చిన ఎద్దు తొవ్వలనే కూలబడె. మళ్ల మేనమామ మా గడప తొక్కలే, మేము ఆయన గడప తొక్కలే. ఆయన సచ్చినప్పుడు గూడ మా నాయిన బయటనే నిలవడ్డడు.”

“నేను నీ కొడుకును గదమ్మా.”

“కొడుకువే. పూచీ పూచీనే.”

ఆ రాత్రి అతని భార్య ఖైరున్నిసా అన్నం పెడుతూ, “లూనాకు బ్రేకు లేదు, లాన్సర్‌కు పూచీ వడ్డడు!” అందట. ఆ మాట షాకీరే నాకు చెప్పాడు. నవ్వుతూ చెప్పబోయాడు గానీ నవ్వు రాలేదు.

బండి తేవడానికి హైదరాబాదు పోయినప్పుడు వాళ్లు ముగ్గురు. మల్లేశ్ నడపడానికి, షాకీర్ పూచీకి, రామన్న చూడడానికి. రామన్న ఏం చూడడానికి వచ్చాడో అతని మొహం మీదే రాసి ఉంది. కోఠీలో పాత పుస్తకాలు ఏరుకుంటున్న నేను కనబడితే నన్నూ ఎక్కించుకున్నారు. రెండువేల ఆరు, మే నెల. మల్లేశ్ ఏసీ వేశాడు. పుస్తకాల మూట ఒళ్లో పెట్టుకుని చల్లటి గాలికి నేను కళ్లు మూసుకున్నాను.

షాకీర్ మాత్రం కళ్లు మూయలేదు. షాద్‌నగర్ దాటేదాకా ముందుకు వంగి, ఇంజను చప్పుడులో ఏదో తప్పు దొరుకుతుందేమోనని వింటూ కూర్చున్నాడు. ఎన్నేళ్లుగానో పొగిడిన ఆ సీటుకు వీపు ఆనించనే లేదు.

“మెల్లగ పో మల్లేశ్.”

“నువ్వే గదా అన్నా, ఇది మెల్లగ పోయే బండి గాదంటివి.”

“అంటి. ఇప్పుడు మెల్లగ పో.”

జడ్చర్ల దగ్గర పెద్ద రోడ్డు వదిలాక అసలు భయం మొదలైంది. ఇంజను అడుగున నూనె ఉండే గిన్నెను మెకానిక్కులు ఛాంబర్ అంటారు. రాయి తగిలి అది పగిలితే నూనె కారిపోతుంది. తెలియక ఇంకాస్త దూరం పోనిచ్చామా, ఇంజను పట్టేస్తుంది. అప్పుడది బండి కాదు, ఇనుము. లాన్సర్ కింద జాగా తక్కువ. రోడ్డును కరుచుకుని పోతుందని బెంచీ మీద పొగిడిన గుణం, పల్లె రోడ్డు మీదికి వచ్చేసరికి షాకీర్‌కు గొంతులో ముల్లయింది. ప్రతి స్పీడ్ బ్రేకరుకూ, “ఆపు, ఆపు. దిగుండ్రి,” అని మమ్మల్ని దింపేవాడు. ఖాళీ బండి గట్టు దాటేది. మేం నడిచి పోయి మళ్లీ ఎక్కేవాళ్లం.

“జపాన్ బండ్ల పోదాం రమ్మంటివి. తిమ్మాజిపేట దాంక నడిపిస్తున్నవ్ గదనే,” అన్నాడు రామన్న.

“హోండా అయితే ఎగురుతుండెనా?”

“ఎగరకున్నా, నీ లెక్క వణకకపోతుండె.”

పొద్దు వాలుతుండగా ఊరు కనిపించింది. ఊరికి ముందు కాల్వ కోసం తవ్విన రాళ్లమట్టి దారికి అడ్డంగా కుప్పపడి ఉంది. పోసింది మల్లేశ్ జేసీబీయే. రచ్చ దగ్గర కూర్చున్నవాళ్లు అప్పటికే లేచి నిలబడి ఇటే చూస్తున్నారు.

“ఆపు మల్లేశ్. దిగుతం,” అన్నాడు షాకీర్.

“ఊరోళ్లు చూస్తున్నరన్నా. కారు తెచ్చుకోని నడిచొచ్చిండంటరు. నేనేశిన మట్టే గద, నాకు తెల్వదా?”

ముందు చక్రాలు ఎక్కాయి. కింద కర్రుమని గీసుకున్న చప్పుడు మా కాళ్లకు తగిలింది. మూతి పైకెత్తి, సగం అటూ సగం ఇటూ బండి ఆగింది. మల్లేశ్ ఇంజను ఆపేశాడు.

షాకీర్ అందరికన్నా ముందు దిగి బోర్లా పడుకుని కిందికి చూశాడు. టప్పు టప్పుమని ఏదో కారుతోంది. మట్టి తాగుతోంది, అక్కడ నల్లగా మరక. కారుతున్నచోట బండి అడుగున వేలు పెట్టి తీశాడు. వేలు నల్లగా వచ్చింది. రామన్న మూత ఎత్తి నూనె చూసే కడ్డీ లాగాడు. నూనె కింది గుర్తుకు కూడా అందలేదు. నాకూ చూపించాడు.

“పోయింది. ఛాంబర్ పోయింది,” అన్నాడు రామన్న. గెలిచిన గొంతు కాదు అది. షాకీర్ వైపు చూసి, “మల్లా ఇంజన్ మొదలువెట్టకు మల్లేశ్. ఇంజనన్న దక్కుతది,” అన్నాడు.

షాకీర్ లేవలేదు. అక్కడే కూలబడి, “నేను గిక్కడికెంచే నాగర్‌కర్నూల్ పోత. అమ్మకు చెప్పుండ్రి,” అన్నాడు.

“ఏం చెప్పాలె?”

“తొవ్వల కూలబడెనని.”

“నడు నడు. తోలుకరావాలె అన్నది గద. కూలబడ్డా సరే, తోలుకపోదాం,” అని రామన్న భుజం మీది తువ్వాల తీసి నడుముకు చుట్టాడు.

మొన్నటి వానకు దుక్కి దున్ని ఎడ్లతో ఇంటికి పోతున్న కురుమూర్తి అనే రైతు ఆగి చూశాడు. అడగకుండానే కాడికి మోకు కట్టి, రెండో కొసను కారు ముందున్న కొక్కేనికి బిగించాడు. మేం ముగ్గురం వెనక నుంచి నెట్టాం. మల్లేశ్ తల వంచుకుని స్టీరింగు పట్టుకున్నాడు. రచ్చ దగ్గర ఎవరో, “ఏం మల్లేశా, మైలేజీ ఎంతిస్తది?” అని అడిగారు. “గడ్డిని బట్టి ఇస్తది,” అని కురుమూర్తి బదులిచ్చాడు. ఊరంతా నవ్వింది. షాకీర్ మాత్రం నెడుతూ, ఎవరికీ వినపడనట్టు ఏదో దువా చదువుకుంటున్నాడు.

జంగమ్మ పెద్ద బకెట్టు నిండా నీళ్లు పెట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఎడ్లను చూసింది. వాటి వెనక నల్లగా మెరిసే కారును చూసింది. కారు వాకిట్లోకి పోయింది. షాకీర్ గేటు బయటే ఆగిపోయాడు. గోడకు ఆనుకుని, చెప్పులు విప్పకుండా.

చదునైన వాకిట్లో రామన్నకు ఎందుకో మనసొప్పలేదు. కడ్డీ తీసి తువ్వాలతో తుడిచి మళ్లీ ముంచాడు. నూనె పై గుర్తు దాకా ఉంది. టార్చి వేసి కిందికి దూరాడు. గీత పడింది తప్ప ఛాంబర్ ఎక్కడా తడిగా లేదు. “మట్టికుప్ప మీద మూతి లేశి ఉండె. నూనె ఎన్కకు వోయింది. వంపుల చూస్తే లెక్క తప్పుతది. నాకు తట్టలేదు,” అని గొణుక్కున్నాడు. “మరి కారిందేంది?”

మల్లేశ్ భయం భయంగా ఇంజను మొదలుపెట్టాడు. ఏసీ వేసే ఉంది. కొంతసేపటికి కింద మళ్లీ టప్పుమంది. జంగమ్మ వంగి అరచెయ్యి పట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. దీపం దగ్గరికి పోయి చూసింది.

“నీళ్లే గదరా. సల్లగున్నయి.”

ఏసీ నుంచి నీళ్లు కారతాయని మా నలుగురిలో ఎవరికీ తెలియదు. షాకీర్ వేలికి అంటింది ఎప్పటిదో పాత జిడ్డు.

జంగమ్మ గేటు దాకా వచ్చింది. “తాగేదాంక నీ పూచీ అంటి. ఇదేమో ఉల్టా మాకే పోస్తున్నది. ఇగ నీ పూచీ ఎట్ల తీరాలె చెప్పు?”

ఆమె వెనక్కి తిరిగి బకెట్టు తీసుకెళ్లి కురుమూర్తి ఎడ్ల ముందు పెట్టింది. పొద్దుటి నుంచి దున్నిన ఎడ్లు. మూతులు ముంచి చప్పుడు చేస్తూ అడుగంటా తాగాయి.

“తోలుకొచ్చినయి ఇవి. ఇవి తాగినయి. అయిపాయె,” అంది జంగమ్మ. “చెప్పులిడిశి లోపలికి రా. రొట్టె సల్లారిపోతున్నది.”

వచ్చాడు. తింటూ మూడుసార్లు లేచి, వాకిట్లో మరక ఎండిందా లేదా అని చూసి వచ్చాడు. మూడోసారి వచ్చి కూర్చున్నాక మల్లేశ్ అన్నాడు:

“అన్నా, అచ్చంపేటల మా బామ్మర్ది గూడ కారు తీసుకుంటడంట. ఏది కొనమందాం?”

షాకీర్ రొట్టె ముక్క నమలడం ఆపేశాడు. మింగి, నీళ్లు తాగి, రామన్న వైపు వేలు చూపించాడు.

“అగో, హోండా అన్న ఉన్నడు గద. ఆయన్ని అడుగు.”

రామన్న చేతిలో రొట్టె అక్కడే ఆగింది.