అరగంట ముందున్న పంపుహౌసు

ఆదాము చదివింది మిషన్ బడిలో ఏడో తరగతి వరకే. అయినా మోటారు చప్పుడు విని ఏ బేరింగు ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పగల మనిషి సారపాక చుట్టుపక్కల ఇంకొకడు లేడు. ఇది ఆయన చెప్పుకునే మాటే, కానీ కాదన్నవాళ్ళు లేరు. అడవంచు ఊరి పంపుహౌసును ఇరవై ఆరేళ్ళుగా నడుపుతున్నాడు. గోదావరి పొంగి కరెంటు స్తంభాలు కూలిన ఏడాది డీజిలింజను తెప్పించి, మూడు రోజులు కునుకు లేకుండా నీళ్ళెక్కించాడు. జిల్లా ఆఫీసరు వచ్చి చెయ్యి కలిపాడు. ఇన్నేళ్ళలో ఊరి ట్యాంకు ఎండిన రోజు ఒక్కటి లేదు.

అలాంటి పంపుహౌసు ఖమ్మం మంచినీళ్ళ ఆఫీసు కంప్యూటరు తెరమీద పది రోజులుగా చచ్చిపడి ఉంది.

పది రోజుల కిందటే మోటారు పక్క గోడకు చిన్న పెట్టె బిగించి పోయారు. మోటారు లాగే కరెంటు, పైపులో ఒత్తిడి, ట్యాంకులో నీటిమట్టం ఐదు నిమిషాలకోసారి కొలిచి, లోపలి సిమ్ము ద్వారా ఆఫీసు లెక్కలుండే క్లౌడుకు పంపడం దాని పని. ఒక్క అంకె కూడా చేరలేదు. ఈరోజు సాయంత్రం ఐదులోగా చేరకపోతే పంపుహౌసు మూతపడ్డట్టు రాసి ఆపరేటరును తీసేస్తామని పొద్దున ఫోను వచ్చింది. "నీళ్ళు పోతున్నయ్ సారూ, వచ్చి చూడరాదూ" అని ఆదాము నాలుగుసార్లు చెప్పాడు. ఐదోసారి చెప్పే ఓపిక లేక ఫోను జేబులో వేసుకున్నాడు.

నాలుగింటికి ఖమ్మం నుంచి టెక్నీషియన్ హేమలత స్కూటీ మీద వచ్చింది. ల్యాప్‌టాపుకు తీగ తగిలించి పెట్టెలోని సెట్టింగులు ఒక్కొక్కటే చూసింది. క్లౌడు చిరునామా సరిగానే ఉంది. ఈ పంపుహౌసుకిచ్చిన రహస్య కోడూ సరిగానే ఉంది.

"కొలతలు పోతున్నయ్ పెద్దయ్యా. అవతల తీసుకుంటలేరు."

"ఎందుకట? నా నీళ్ళు చేదా?"

ఆదాము భార్య ఇన్నమ్మ టీ గ్లాసులు పెడుతూ అంది: "ఆఫీసోళ్ళకు గీయన ఇప్పుడు కనపడ్తలేడు బిడ్డా. నాకైతే పెండ్లయినకాణ్ణుంచి ఇంట్ల కనపడనే లేదు."

హేమలత నవ్వుతూనే తెరమీద టైమున్న వరసను రెండుసార్లు చదివి, తన ఫోను చూసింది. నాలుగూ ఇరవై. గోడ గడియారం చూసింది. నాలుగూ యాభై.

"ఈ పెట్టెకు టైము ఎవరు పెట్టిన్రు?"

"బిగించనొచ్చిన కోటేష్. ఆరోజు సిగ్నల్ లేకుండె. గోడ గడియారం చూసి పెట్టమన్న."

"ఆ గడియారం అరగంట ముందున్నది గదా!"

"తప్పు కాదు బిడ్డా, నేనే పెట్టిన. మిల్లుకు పొయ్యే కూలోళ్ళు పొద్దుగాల అయిదింటికే ఆటో ఎక్కుతరు. ఆలోపు నల్లా రావాలె. ఒక్కపూట ఆలస్యమైందంటే అడుగు, ఎవర్నన్న."

"మంచిదే. కానీ క్లౌడు ఇంకా రాని టైముకు కొలత తీసుకోదు పెద్దయ్యా. రెండు మూడు నిమిషాలైతే సర్దుకుంటది. అరగంటంటే దొంగ లెక్కని పారేస్తది."

"దొంగ లెక్కా?" అన్నాడు ఆదాము. స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో టీ చల్లారిపోయింది.

హేమలత పెట్టె తన టైమును నెట్‌వర్కు నుంచే తీసుకునేటట్టు మార్చి, కొలతలు పంపే ప్రోగ్రామును ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగూ నలభైకి తెరమీద కొలత చేరినట్టు ఆకుపచ్చ చుక్క ఒకటి పడింది. కాసేపటికి దాని పక్కన ఇంకొకటి. హేమలత ఆఫీసుకు ఫోను చేసింది. ఆపరేటరును తీసెయ్యడం లేదన్నారు.

"మరి ఈ పది రోజులవి?" అడిగాడు ఆదాము.

"క్లౌడు వద్దన్నవి పెట్టె దాచుకోదు. పోయినట్టే."

"అంటే వాళ్ళ లెక్కన నేను..."

"ఇయ్యాల్నే డ్యూటీల చేరిన్రు" అని హేమలత నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

ఆదాము మోకాళ్ళు రుద్దుకున్నాడు. "పోనీ, ఇగనుంచి ఇదే చూసుకుంటదా? రేపొక్క పూట పండుకోవచ్చా?"

"మోటారు ఆగితే ఆగిందని చెప్తది పెద్దయ్యా. నడిపియ్యదు."

"అవ్, గంతే గదా" అన్నాడు. సాయంత్రం నీళ్ళు వదిలే వేళయింది. గోడ పట్టుకుని లేచి వాల్వు వైపు నడిచాడు.