ఆ రోడ్డులో కలవని సున్నం

ఆ రోడ్డు దిగబడింది బూడిద వల్ల కాదు. ఈ ఒక్క మాట చెప్పవలసిన రోజున చెప్పలేదు. ఏళ్ళ తరబడి మోశాను. మీరెవరో నాకు తెలియదు. ఓదార్చమని అడగడం లేదు. వినండి, చాలు.

డెబ్భైలలో విశాఖ పోర్టు వెనక బురద నేలల్లో నేను సైటు ఇంజనీరుని. గోదావరి నుంచి కొత్తగా వచ్చాను. కార్మికుల క్వార్టర్లకు రోడ్డు వేయాలి. కింద నల్లటి బంకమట్టి, వాన పడితే చెప్పు ఊడిపోయేంత మెత్తన. కొండను పేల్చి కంకర తెచ్చి పోయడమే అందరికీ తెలిసిన పద్ధతి. ఎలమంచిలి వైపు నుంచి వచ్చిన తోటి ఇంజనీరు నాయుడు వేరే దారి చెప్పాడు. రైసుమిల్లుల్లో ఊక కాల్చిన బూడిద, వెల్డింగ్ గ్యాసు తీశాక మిగిలే కార్బైడు సున్నం. రెండూ పారేసేవే. మట్టిలో కలిపి, తడిపి, రోలరుతో తొక్కిస్తే గట్టిపడుతుందన్నాడు. ముద్దలు చేసి, ఆరనిచ్చి, నీళ్ళలో వేసి చూపించాడు. కరగలేదు. కొంత మేర వేసి చూడమన్నారు పైవాళ్ళు. బూడిద తెప్పించడం అతని పని, కలిపించడం నాది.

ఆ వారమే అమ్మవారి పండగ. కార్బైడు సున్నం వాసన ఘాటే గానీ గోడకు వేస్తే తెల్లగా మెరుస్తుంది. పక్కనున్న జాలరిపేట వాళ్ళు, మా కూలీలు అడిగారు. తీసుకెళ్ళమన్నాను. "మా బాబు" అనిపించుకోవడం బాగుంది. అంతవరకే అయితే మళ్ళీ తెప్పిస్తే సరిపోయేది. తెప్పించలేదు. రోలరు వచ్చి నిలబడింది, ఆపితే ఎందుకని అడుగుతారు. తగ్గిన సున్నం బదులు బూడిద పెంచి కలిపించాను. సున్నం చాలకపోతే బూడిద మట్టిని పట్టుకోదని నాకు తెలియదా? తెలుసు. తెలిసే చేశాను.

సాయంత్రం నాయుడు వచ్చి మడమతో నొక్కి చూశాడు.

"ఏటి బావా, ఇంత మెత్తగా ఉందేటి? సున్నమంతా ఏసినావా?"

"వేశానయ్యా. నీకు అనుమానం ఎక్కువ."

"అది కాదు బావా. ఇది దిగిపోయిందంటే మల్లీ ఎవుడూ బూడిద ముట్టడు."

"గోదారోడి మాట నమ్మవా?"

"మీ మాటలు బెల్లం పాకం కదేటి, నమ్మక సత్తానేటి!" అని నవ్వాడు.

మొదటి వానకే సిమెంటు లారీ ఇరుసు దాకా దిగబడింది. పొయ్యిలో బూడిదతో రోడ్డు వేసిన మొనగాడంటూ నాయుణ్ణి పైవాళ్ళు ఎగతాళి చేశారు. సున్నం సరిగానే పడిందని, నేను దగ్గరుండి కలిపించానని అతను నన్ను చూపించాడు. నేను తల ఊపాను. ఆ రోడ్డు తవ్వి పారేసి కంకర పోశారు. అతనికి "బూడిద నాయుడు" అన్న పేరు మిగిలింది. అది అతికించింది నేనే. భయపడ్డానా? ఉద్యోగం పోతుందనుకున్నానా? అంత పెద్ద కారణం కూడా లేదు. మంచివాడినన్న పేరు పోతుందని, అంతే. దానికోసం ఒక మనిషి తెలివిని పాతిపెట్టాను.

ఎనభైలలో ఇద్దరం గాజువాక దగ్గర ఉక్కు కర్మాగారం పనుల్లోకి వచ్చాం. అక్కడా కొంత నేల మెత్తనే. ఒక మీటింగులో ఎవరో బూడిద మాటెత్తారు. "పోర్టు దగ్గర చూశాంగా" అని ఇంకొకాయన కొట్టిపారేశాడు. నవ్వులు. వెనక వరసలో నాయుడు తల దించుకున్నాడు.

ఆ మీటింగులోనే నేను నిజం బయటపెట్టాను. పాతవి ఇప్పుడెందుకు తవ్వావని ఆ తరువాత చాలామంది మందలించారు. తవ్వుతాను అన్నాను వాళ్ళతో. నా పరువు పోతే పోనివ్వండి. ఆ పద్ధతిలో తప్పు లేదు. మళ్ళీ వేసి చూడండి, కావాలంటే నన్ను ఆ దరిదాపులకు రానివ్వకండి.

ఆ రోజు నాయుణ్ణి పక్కకు పిలిచి చెవిలో చెప్పలేదు. నవ్విన వాళ్ళందరి ముందూ లేచి, అతని వైపు తిరిగి చెప్పాను.

"నాయుడూ, ఆ సున్నం నేను పంచిపెట్టేశాను. నువ్వు అడిగితే వేశానని అబద్ధమాడాను. నీ పనిని చెడగొట్టి, నిన్ను తిడుతుంటే చూస్తూ నిలబడ్డాను. తప్పు నాది. నన్ను క్షమించు."