తాకత్ డబ్బాలు

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. డైరీలో కూడా రాయలేదు. ఆ డబ్బా రుచి నాకు నచ్చింది. బాపు కారు వెనుక సీటులో తలుపు వేసుకుని, ఒక్కదాన్నే కూర్చుని డబ్బా మొత్తం తాగాను. చల్లగా కూడా లేదు. అప్పటికి బాపు కంటి ఆసుపత్రిలో ఉన్నాడు.

బాపు ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. మా ఇల్లు కొత్వాల్‌గూడలో. రాత్రి విమానాలకు కిరాయిలు బాగుంటాయని ఎప్పుడూ రాత్రుళ్ళే వెళ్ళేవాడు. వంతు వచ్చేదాకా డ్రైవర్లంతా పార్కింగులో ఒకచోట చేరతారు. ఇంట్లో నోరు విప్పని బాపు అక్కడ అందరినీ నవ్విస్తాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

షుగర్ ఉందని తెలిసినప్పటి నుంచి ఇంట్లో నియమాలన్నీ అమ్మవి. చాయ్‌లో చక్కెర లేదు. రోజూ జొన్నరొట్టె. పెళ్ళికి వెళితే అమ్మ కళ్ళు ఆయన విస్తరి మీదే. బాపు దేనికీ ఎదురు చెప్పలేదు. అయినా పరీక్ష చేయించినప్పుడల్లా షుగర్ పెరిగే ఉండేది.

"నిజం చెప్పు, ఏడ తింటున్నవ్?" అనేది అమ్మ.

"మిఠాయి ముట్టలే. పోశమ్మ తల్లి మీద ఒట్టు."

"ముట్టకుంటె గాలికి పెరుగుతదా?"

"ఏమో, నీ సూపుకే పెరుగుతుందేమో."

ఆ ఒట్టు అబద్ధం కాదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

కొన్నాళ్ళకు కంటి ముందు ఏవో నల్లటి పోగులు ఈదుతున్నాయన్నాడు. కంటి లోపల రక్తం చిమ్మిందని, షుగర్ అదుపులో లేకపోవడం వల్లేనని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేయాలంది. ఆ కంటికి చూపు రావచ్చు, రాకపోవచ్చు, చక్కెర ఆపకపోతే రెండో కన్ను కూడా అంతే అంది. బాపు అడిగింది ఒక్కటే.

"బండి తోలొచ్చా, మేడం?"

ఆమె చీటీ రాసుకుంటూ ఉంటే మళ్ళీ అదే అడిగాడు. నేను గోడ మీది అక్షరాల పటం చదువుతూ నిలబడ్డాను. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి.

ఆపరేషన్ అయిన మర్నాడు కారు తుడిచి రమ్మని అమ్మ నన్ను ఇంటికి పంపింది. డ్రైవర్ సీటు కింద చేయి పెడితే ఎనర్జీ డ్రింక్ డబ్బాలు తగిలాయి. నలిపేసినవి చాలా, నిండువి కొన్ని. అక్షరాలు కనబడితే చదవకుండా ఉండలేను. పల్లీల పొట్లం కాగితాన్ని కూడా విప్పి చదువుతాను. డబ్బాను చుట్టూ తిప్పి చదివాను. పెద్ద అక్షరాల్లో శక్తి, విటమిన్లు. చిన్న అక్షరాల్లో చక్కెర. అది కూడా వంద మిల్లీలీటర్లకు ఇంత అని రాశారు. డబ్బాలో పట్టేది దానికి రెండున్నర రెట్లు. చెంచాల్లోకి మార్చి చూస్తే ఆరేడు చెంచాలు తేలింది. అమ్మ ఇన్నేళ్ళూ చాయ్‌లో అర చెంచా కోసం పోట్లాడింది.

దాని మీద కెఫీన్. ఇంటికి వచ్చాక పగలు నిద్ర పట్టేది కాదు ఆయనకు. గుండె దడదడలాడుతోందని మంచం మీద దొర్లేవాడు. సాయంత్రానికి కళ్ళు ఎర్రబడి, ఆవులిస్తూ బండి తీసేవాడు. ఆ ఆవులింతలకు మళ్ళీ డబ్బా.

అప్పుడే తాగాను. పుల్లగా ఉంది, నాలుక మీద చిటపటలాడింది. తీపి అని తోచలేదు. బాగుందనిపించింది. ఇంకేమీ అనిపించలేదు. తరువాత కారు తుడిచాను.

పార్కింగులో దాన్ని తాకత్ అంటారు, బలమని. వాళ్ళకది మందు లెక్క. తమలో ఎవరికి బాగాలేకపోయినా చూడడానికి పోయేటప్పుడు పండ్లకు బదులు అవే పట్టుకుపోతారు. బాపు కూడా ఎందరికో ఇచ్చి వచ్చాడట.

ఆ సాయంత్రం నేను ఆసుపత్రికి తిరిగొచ్చాక, ఆ డ్రైవర్లు బాపును చూడడానికి వచ్చారు. అందరికన్నా ముందు, నేను కాకా అని పిలిచే ఆయన. చేతిలో సంచి, సంచిలో నీళ్ళు కారుతున్న చల్లటి డబ్బాలు.

"ఏందన్నా, మా మొఖాలు సూడబుద్ధి గాక కన్ను మూసుకున్నవా?"

"నీ మొఖం సగమే కనవడుతుందిరా. జర పానం నిమ్మళంగుంది."

అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. ఆసుపత్రికి వచ్చాక ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

"నువ్వు లేక పార్కింగుల నిద్ర ఆగుతలేదే. జల్ది రా," అంటూ కాక డబ్బా తెరిచాడు. "తాగన్నా, తాకత్ వస్తది."

బాపు చేయి చాచాడు. కంటికి కట్టు ఉంది కదా, డబ్బా ఎంత దూరంలో ఉందో తెలియలేదు. చేయి గాలిలో వెతికింది.

పరాయివాళ్ళ ముందు మాట్లాడాలంటే నాకు చెమటలు పడతాయి. ఆ రోజు పట్టలేదు. నా గొంతు నాకే పక్క మంచం మీద ఎవరో మాట్లాడినట్టు వినిపించింది.

"ఇయ్యకు కాకా. దాంట్ల ఆరేడు చెంచల చక్కెర ఉంది. బాపు కారు నిండ గవే ఉన్నయి. షుగర్ గట్లనే పెరిగింది."

కాక డబ్బాను ఇటూ అటూ తిప్పి చూశాడు.

"గింత డబ్బలనా?"

"చిన్న అక్షరాలల్ల రాసుంది."

"మరి మనమందరం గదే తాగుతున్నం గదనే," అన్నాడు వెనకనుంచి ఒకాయన. "చదువుకున్న పిల్లతోని గిదే లొల్లి," అని ఇంకొకాయన నవ్వబోయాడు. ఎవరూ నవ్వు కలపలేదు. తెరిచిన డబ్బాను ఎక్కడ పెట్టాలో తెలియక కాక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి, పోయొస్తం అన్నా, అని వెళ్ళిపోయారు. సంచి కూడా తీసుకుపోయారు. మళ్ళీ ఎప్పుడు వస్తారో చెప్పలేదు.

అమ్మ మందులు తేవడానికి కిందికి వెళ్ళింది. బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోపం వచ్చిందనుకున్నాను. నేను నీళ్ళ సీసా ఆయన చేతికి అందేట్టు జరిపి, నా ఆఫీసులో రాత్రి డ్యూటీకి పోవాలని బ్యాగు తీసుకున్నాను. తలుపు దాకా వచ్చాక ఆయన మాట వినబడింది. గోడవైపే చూస్తూ మెల్లగా అన్నాడు.

"నువ్వన్నది నిజమే గని బిడ్డా, ఇగ వాళ్ళు ఏం పట్టుకొని వస్తరు?"